కాఫీ మానేశాక వేడివేడిగా ఏం తాగితే తృప్తిగా ఉంటుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: తిరుపతిలో ఉంటారు, రోజుకు నాలుగైదు ఫిల్టర్ కాఫీలు తాగే అలవాటు. గుండె దడ, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం వల్ల డాక్టరు గారు కెఫీన్ పూర్తిగా మానేయమన్నారు. గ్రీన్ టీ తాగి చూశారు, నిమ్మరసం, తేనె కలిపిన వేడినీళ్లు తాగి చూశారు, ఏదీ నోటికి పట్టలేదు. కాఫీ అంత తృప్తినిచ్చే వేడి పానీయం అసలు ఉందా అని అడుగుతున్నారు.

ఉంది. కానీ ఒక్కటి కాదు. నేను ఈ ఊళ్లోనే చాలా ఏళ్లుగా పోషకాహార సలహాలు ఇస్తున్నాను. కాఫీ మానలేక ఇబ్బంది పడేవాళ్లను తరచుగా చూస్తుంటాను. వాళ్లలో నిలకడగా మానేయగలిగినవాళ్లు దాదాపు అందరూ చేసిన పని ఒకటే. కాఫీ స్థానంలో ఒకే పానీయాన్ని కూర్చోబెట్టలేదు, పూటకొకటి పెట్టుకున్నారు. ఉదయం చికోరీ డికాషన్ పాలు, సాయంత్రం శొంఠి ధనియాల కాఫీ, రాత్రి పల్చని రాగి మాల్ట్ లేదా నన్నారి (సుగంధి వేళ్ల) పాలు. మీకు నేను చెప్పేదీ ఇదే. ఇంకొక మాట: ఒక్కరోజులో మానేయకండి. మూడు నాలుగు వారాలు తీసుకోండి.

ముందు గ్రీన్ టీ సంగతి తేల్చేద్దాం. అది కూడా తేయాకే, అందులోనూ కెఫీన్ ఉంటుంది. కాఫీ కంటే తక్కువ, అంతే. పూర్తిగా మానేయమన్నప్పుడు అది మీకు పనికిరాదు. రుచి నచ్చక వదిలేశారు కాబట్టి దాని గురించి బెంగపడాల్సిన పని కూడా లేదు.

నిమ్మరసం తేనె నీళ్లు ఎందుకు పట్టలేదంటే, కాఫీ మీకు ఇచ్చేవాటిలో ఒక్కటీ వాటిలో లేదు. కాఫీలో చేదు ఉంది, వేయించిన గింజల వాసన ఉంది, పాల చిక్కదనం ఉంది. నిమ్మరసం పుల్లగా, పల్చగా ఉంటుంది. నాలుక ఒకటి అడిగితే మీరు ఇంకొకటి ఇచ్చారు. అందుకే కడుపు నిండినా కోరిక తీరలేదు.

నా దగ్గరికి వచ్చినవాళ్లతో మొదట ఒక పని చేయిస్తాను. రోజులో తాగే ప్రతి కాఫీకి ఎదురుగా, ఆ కప్పు లేకపోతే ఏం వెలితిగా ఉంటుందో ఒక్క మాటలో రాయమంటాను. చేదా, వాసనా, కడుపులో వెచ్చదనమా, కాసేపు కూర్చునే విరామమా, మెలకువా. ఈ కాగితం చూస్తే సగం దారి తెలిసిపోతుంది. గాంధీ రోడ్డులో దుకాణం నడిపే ఒకాయన నాలుగు కాఫీల్లో రెండింటికి ఎదురుగా ‘బయటికి వెళ్లడం’ అని రాశారు. ఆయనకు ఆ రెండు పూటలా కావలసింది కాఫీ కాదు, గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి పక్క దుకాణం ఆయనతో పది నిమిషాలు నిలబడి మాట్లాడటం. అదే బండి దగ్గర, అదే వేళకు, అదే మిత్రుడితో వేడి పాలు తాగమన్నాను. ఆ రెండు కాఫీలు ఏ బాధా లేకుండా పోయాయి. మిగిలిన రెండింటికే మేము నిజంగా కష్టపడాల్సి వచ్చింది.

ఎందుకు మెల్లగా మానాలి

అలసట పెరిగేకొద్దీ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతుంది. అది మెదడు కణాల మీద తనకోసం ఉండే చోట్లకు, అంటే గ్రాహకాలకు, అతుక్కుంటే మనకు నిద్ర వస్తుంది. కెఫీన్ వెళ్లి ఆ చోటును ముందే ఆక్రమిస్తుంది, దాంతో అలసట ఉన్నా తెలియదు. రోజూ ఇలా జరిగితే మెదడు అలాంటి గ్రాహకాలను ఇంకా పెంచుకుంటుంది. ఒక్కసారిగా కెఫీన్ ఆగితే అవన్నీ ఖాళీ అవుతాయి, అడెనోసిన్ ప్రభావం ఒక్కసారిగా మీద పడుతుంది. తలలో రక్తనాళాలు వెడల్పవుతాయి. తలనొప్పి, చిరాకు, మత్తు వస్తాయి. చివరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల్లో ఇది మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో బాగా ముదురుతుంది, కొందరికి వారం దాటి తొమ్మిది రోజుల వరకూ ఉంటుంది. ‘శొంఠి కాఫీ తాగితే తలనొప్పి వచ్చింది’ అని నాతో చెప్పినవాళ్లున్నారు. తలనొప్పి శొంఠి వల్ల కాదు, మానేసిన కాఫీ వల్ల. పాపం, నింద మాత్రం కొత్త పానీయం మీద పడుతుంది, మళ్లీ దాన్ని ముట్టుకోరు.

మీరు ఎంత తాగుతున్నారో కూడా ఒకసారి లెక్క వేసుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. రోజుకు మొత్తం 300 మిల్లీగ్రాములు దాటవద్దని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ నాలుగైదు కప్పులు ఆ గీతను దాటేశాయి. పైగా తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి మామూలుగా ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటికి 100 మిల్లీగ్రాములు తాగితే రాత్రి తొమ్మిదికి 50, తెల్లవారుజామున రెండింటికి 25 ఇంకా ఒంట్లోనే ఉంటుంది. నిద్ర పట్టకపోవడానికి ఇది చాలు. గర్భిణులకైతే ఈ సమయం ఇంకా బాగా పెరుగుతుంది.

కాబట్టి ముందుగా సాయంత్రం కాఫీని తీసేయండి, ఉదయం కాఫీని ఆఖరున వదలండి. మొదటి వారంలోనే నిద్రలో తేడా తెలుస్తుంది. ఆ తేడా కళ్లకు కనబడితే మిగతాది మానడానికి మనసు దానంతట అదే ఒప్పుకుంటుంది.

ఉదయం: చికోరీ

ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఉదయం కప్పు దగ్గరే అందరూ ఓడిపోతారు.

మనవైపు వాడే కాఫీ పొడిలో చికోరీ ఎలాగూ ఉంటుంది. అది ఒక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. అందులో కెఫీన్ లేదు. మన దేశంలో కాఫీ చికోరీ మిశ్రమంగా అమ్మే పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, అంటే చికోరీ 49 శాతం వరకూ ఉండవచ్చు. ప్యాకెట్ మీద ఈ పాళ్లు ముద్రించి ఉంటాయి, చూడండి. మీ కాఫీలో ఆ నల్లటి రంగు, చిక్కదనం, చివర్లో నాలుక మీద నిలిచే చేదుతీపి చాలావరకు చికోరీవే. ఇన్నేళ్లూ మీ నాలుక దానికి అలవాటు పడే ఉంది. ఇతర దేశాలవాళ్లకు చికోరీ కొత్త రుచి, మనకు పాత చుట్టమే.

కళ్లెదుటే గింజలు వేయించి పొడి కొట్టి ఇచ్చే కాఫీ దుకాణానికి వెళ్లి చికోరీ పొడిని విడిగా అడగండి, ఇస్తారు. మొదటి వారం మీ మామూలు పొడికి మూడో వంతు చికోరీ అదనంగా కలపండి. రెండో వారం సగం సగం. మూడో వారం మూడు వంతులు చికోరీ, ఒక వంతు కాఫీ. నాలుగో వారానికి చికోరీ ఒక్కటే. ఇలా తగ్గిస్తే తలనొప్పి బాధ చాలా తగ్గుతుంది, కొందరికి రానే రాదు. నాలుక కూడా వారం వారం సర్దుకుంటుంది.

చికోరీ ఒక్కటే అయినప్పుడు దాన్ని ఫిల్టర్‌లో వేయకండి. నీళ్లు తగలగానే ఉబ్బి, జిగురుగా మారి, ఫిల్టర్ చిల్లులను మూసేస్తుంది. పై గిన్నెలో నీళ్లు అలాగే నిలిచిపోతాయి. గిన్నెలో 150 మిల్లీలీటర్ల నీళ్లు మరిగించి, చిన్న చెంచాడు చికోరీ వేసి, రెండు నిమిషాలు సన్నని మంట మీద ఉంచి, దించి మూత పెట్టండి. మడ్డి అడుగుకు దిగాక పల్చని గుడ్డలో వడకట్టండి. కాఫీ పొడి వేసినంత వేస్తే మాత్రం పాడైపోతుంది, మాడిన బెల్లంలా ఉంటుంది. సగం చాలు. రంగు చూసి పొడి వేయకండి, చికోరీ కొంచెం వేసినా పాలు నల్లబడతాయి. చక్కెర కూడా తగ్గించుకోండి, దానికి సహజంగానే కొంత తీపి ఉంది.

చికోరీలో లేనిది కాఫీ పరిమళం. దాన్ని పూర్తిగా తెచ్చుకోవడం కుదరదని ముందే చెబుతున్నాను. కానీ దగ్గరికి వెళ్లవచ్చు. బార్లీ గింజలను ఇనుప మూకుడులో, నూనె లేకుండా, సన్నని మంట మీద ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించి బరకగా పొడి చేసుకోండి. చికోరీతో పాటు అర చెంచాడు ఈ పొడి వేసి మరిగిస్తే, వేయించిన గింజ వాసన వస్తుంది. మంట పెద్దది చేస్తే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటుంది, కప్పులో పొగ వాసన తప్ప ఏమీ మిగలదు. గ్లూటెన్ (గోధుమ, బార్లీల్లో ఉండే ప్రొటీన్) పడనివాళ్లు మాత్రం బార్లీ జోలికి పోవద్దు.

పాలు చిక్కగా ఉండాలి, వేడి చేసి వెంటనే కలపాలి, డవరాలోకి గ్లాసులోకి నాలుగైదు సార్లు ఎత్తి పోసి నురగ తెప్పించాలి. దీన్ని హంగు అనుకోకండి. నురగ పగులుతున్నప్పుడే వాసన ముక్కుకు చేరుతుంది. అలా ఎత్తి పోస్తే వేడి కూడా తాగే స్థాయికి దిగుతుంది. 65 డిగ్రీల సెల్సియస్ కంటే ఎక్కువ వేడిగా తాగే పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో చెప్పింది. పానీయం ఏదన్నది కాదు, వేడి ఎంతన్నదే విషయం. పొయ్యి మీద నుంచి దించింది దించినట్టు గొంతులో పోసుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

రిటైరైన ఒక టీచరమ్మకు ఇలాగే చేయించాను. ఆవిడ నెల తిరిగేసరికి ఉదయం కాఫీ పూర్తిగా మానేశారు. ఆవిడ ఒకటే షరతు పెట్టారు, ఇత్తడి గ్లాసు, డవరా మార్చనని. ఎందుకు మార్చాలి? మీరూ మార్చకండి.

చికోరీ కొందరికి కడుపులో గ్యాస్ తెస్తుంది. అందులో ఇన్యులిన్ అనే పీచు ఉంటుంది, పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. రోజుకు ఒకటి, మహా అయితే రెండు కప్పులతో ఆపండి.

సాయంత్రం: శొంఠి ధనియాల కాఫీ

దీన్ని చాలామంది జలుబు మందుగా చూస్తారు. అలా చూసినన్నాళ్లూ అది రుచించదు. తమిళనాడు సరిహద్దు దగ్గరే కాబట్టి చిత్తూరు వైపు ఇది బాగా తెలిసిన పానీయమే, అక్కడ సుక్కు కాఫీ అని కూడా అంటారు. బయట తాగితే మాత్రం అందులో కాఫీ పొడి వేశారా అని అడిగి తాగండి. కొన్నిచోట్ల రంగు కోసం, రుచి కోసం కాస్త వేస్తారు.

ఇంట్లో చేసుకునే పాళ్లు: వంద గ్రాముల ధనియాలకు నలభై గ్రాముల శొంఠి, చెంచాడు జీలకర్ర, అర చెంచాడు మిరియాలు, నాలుగైదు యాలకులు. శొంఠి కొమ్ముల మీద తెల్లటి పూత కనబడితే అది సున్నం, పురుగు పట్టకుండా పూస్తారు. చాకుతో గీకి, తడిగుడ్డతో తుడిచి, ఎండబెట్టి వాడుకోండి. కచ్చాపచ్చాగా దంచి మిక్సీలో వేసి జల్లిస్తే పీచు పైన మిగులుతుంది. అసలు కిటుకు ధనియాల్లో ఉంది. కూరపొడికి వేయించినట్టు దోరగా కాదు, ఇంకా ముదరనివ్వాలి. పచ్చివాసన పూర్తిగా పోయి, గింజ గోధుమ రంగు దాటి నలుపుకు దగ్గరవుతున్నప్పుడు దించేయాలి. కాఫీ గింజను వేయించినప్పుడు కలిగే మార్పులాంటిదే ఇక్కడా జరుగుతుంది, చేదు, కమ్మదనం అక్కడి నుంచే వస్తాయి. దోరగా వేయించిన ధనియాలతో చేస్తే అది చారు నీళ్లలాగే ఉంటుంది, మీరు రెండో రోజు మానేస్తారు.

గ్లాసుడు నీళ్లకు చిన్న చెంచాడు పొడి, మూడు నిమిషాల మరుగు, వడకట్టి తాటి బెల్లం. పాలు లేకుండానే బాగుంటుంది. పాలు కావాలనుకుంటే కొద్దిగా పోయండి.

బెల్లం విషయంలో ఒక జాగ్రత్త. మనవైపు బెల్లానికి కొదవ లేదు, అందరూ మరుగుతున్న పాలలోనే వేసేస్తారు, పాలు విరిగిపోతాయి. బెల్లాన్ని విడిగా కొద్ది నీళ్లలో కరిగించి వడకట్టుకోండి. పాలు దించి రెండు మూడు నిమిషాలు ఆగాక కలపండి. వడకడితే ఇసుక, నలకలు కూడా పోతాయి.

గొంతులో దిగే ఆ ఘాటు సాయంత్రపు నీరసానికి బాగా పనిచేస్తుంది. అయితే అది మెలకువ తెస్తుందని మాత్రం నేను చెప్పను. రేణిగుంటలో రైల్వే రాత్రి డ్యూటీ చేసే ఒకరు ‘నాకు తృప్తి అక్కర్లేదు మేడమ్, తెల్లవారేదాకా కళ్లు మూతపడకపోతే చాలు’ అన్నారు. కెఫీన్ చేసే ఆ పనిని కెఫీన్ లేని పానీయం ఏదీ చేయదు. డ్యూటీకి వెళ్లే ముందు గంటన్నర పడుకోమని చెప్పాను. అది పనిచేసింది. వేడి పానీయం వల్ల జరగని పనిని దాని నుంచి ఆశించకూడదు.

మీకు కడుపులో మంట, పుల్లటి తేన్పులు ఉంటే మిరియాలు తీసేయండి, శొంఠి సగానికి తగ్గించండి, ఖాళీ కడుపుతో తాగవద్దు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు రోజూ శొంఠి మొదలుపెట్టే ముందు తమ డాక్టరును అడగాలి.

రాత్రి

రాత్రి కప్పుకు చేదు అవసరం లేదు, వెచ్చదనం, కమ్మదనం చాలు. రాగి జావ మనకు కొత్తేమీ కాదు కానీ మామూలు రాగి పిండితో చేస్తే చల్లారేకొద్దీ చిక్కబడి గడ్డకడుతుంది, కప్పులో తాగే పానీయంలా ఉండదు. రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పట్టించిన పిండి, అంటే రాగి మాల్ట్, అయితే పల్చగా ఉంటుంది. మొలకెత్తినప్పుడు పుట్టే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విడగొడుతుంది. అందుకే కొద్దిగా తీపి కూడా తగులుతుంది. ఒక చెంచాడు పిండిని చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మరిగే నీళ్లలో పోసి, నాలుగు నిమిషాలు తిప్పి, పాలు, చిటికెడు ఉప్పు వేయండి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అది అదనపు లాభం.

నన్నారిని ఈ ఊళ్లో అందరూ ఎండాకాలపు షర్బత్‌గానే ఎరుగుదురు. వేడిగా తాగి చూసినవాళ్లు తక్కువ. ఎండిన వేళ్లు కొని కడిగి రాతితో చితక్కొట్టండి. మధ్యలో గట్టి పుల్ల ఉంటుంది, అది తీసి పారేయండి, వాసనంతా పైబెరడులోనే ఉంది. ఆ బెరడును మరిగించవద్దు, వాసన ఆవిరితో పోతుంది. దించిన వేడినీళ్లలో వేసి పావుగంట మూత పెట్టి, వడకట్టి, వేడి పాలలో కలపండి. వెనిలా వాసనకు కారణమైన వెనిలిన్‌కు చాలా దగ్గరి పదార్థమే ఈ వేళ్ల వాసనకూ మూలం. చక్కెర లేకపోయినా తీపి ఉన్నట్టు అనిపించడానికి కారణం అదే. కాఫీ మానేసినవాళ్లకు నేను ఇష్టంగా చెప్పే పానీయం ఇది. సీసాలో దొరికే షర్బత్ పాకాన్ని వేడి పాలలో పోసుకోకండి, అందులో చక్కెరే ఎక్కువ.

మోసపోకూడని చోట్లు

డీకాఫ్ (కెఫీన్ తీసేసిన కాఫీ) అంటే కెఫీన్ శూన్యం కాదు, కప్పుకు కొన్ని మిల్లీగ్రాములు మిగిలే ఉంటాయి. ఎప్పుడో ఒక కప్పు చాలామందికి ఏమీ చేయదు, కానీ మీకు దడ ఉంది కాబట్టి మీ డాక్టరును అడిగి తాగండి. కోకో కలిసిన చాక్లెట్ రుచి మాల్ట్ పొడుల్లో కూడా కొద్దిగా కెఫీన్ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, కొన్ని తలనొప్పి మాత్రల్లో కెఫీన్ కలిపి ఉంటుంది. కాఫీ మానేసిన తలనొప్పికి అదే మాత్ర వేసుకుంటే నొప్పి చక్కగా తగ్గుతుంది, మానడం మాత్రం జరగదు. మాత్రల పట్టీ వెనుక మందుల పేర్లు చదవండి.

కసింద అనే కలుపు మొక్క గింజలను వేయించి కాఫీలా తాగవచ్చని ఎవరైనా చెబితే వినకండి. వాటిలో విషపదార్థాలున్నాయి, ఆ గింజలు తిని పిల్లలు ప్రాణాపాయంలో పడిన సంఘటనలు మన దేశంలోనే నమోదయ్యాయి. అతిమధురం వేరును రోజూ కషాయంలో వేసుకుంటే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. గుండె దడ ఉన్నవాళ్లకు పొటాషియం తగ్గడం అసలు మంచిది కాదు. బజారులో దొరికే మూలికల టీ పొడుల్లో ఇది తరచుగా ఉంటుంది, కొనేముందు చూడండి.

బెల్లం ఆరోగ్యకరమని నాలుగు పూటలా వేసుకుంటే అది నాలుగు పూటలా చక్కెర తిన్నట్టే. షుగరు ఉన్నవాళ్లకు రాగి మాల్ట్ కూడా పల్చగా తాగినప్పుడు త్వరగా రక్తంలో చేరుతుంది. వాళ్లు రాత్రి పూటకు బెల్లం లేని నన్నారి పాలే ఎంచుకోవడం మంచిది.

ఇక మీ గుండె దడ. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించారో లేదో మీరు రాయలేదు. కాఫీ మానాక కూడా దడ తగ్గకపోతే వాటి కోసం డాక్టరును తప్పక అడగండి. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. థైరాయిడ్ తక్కువగా ఉండి ఉదయం మాత్ర వేసుకునేవారైతే పాలు కలిసిన మొదటి కప్పుకు కనీసం గంట ఆగాలి, పాలలోని కాల్షియం మాత్ర ఒంటికి పట్టకుండా చేస్తుంది. ఐరన్ మాత్రలు కూడా పాలతో వేసుకోకూడదు. మీరు రోజూ వేసుకునే మందులు, బీపీ, షుగరు వివరాలు కింద రాస్తే పైన చెప్పినవాటిలో మీకు ఏది తగ్గించాలో, ఏది పూర్తిగా వదలాలో విడిగా చెబుతాను.